రెండు ఇంధనముల కారు - మా యింటి యనుభవము

ఇంటికి క్రొత్త వస్తువు వచ్చినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు చూడవత్తురు. చూచి, తాకి, వెల యెంతయని యడిగి, తరువాత అసలు ప్రశ్నలు వేయుదురు. పెట్రోలుతోను విద్యుత్తుతోను నడచు పెద్దకారు మా యింటికి వచ్చి యేడాది దాటినది. ఈ కాలములో సోదరీమణులు మమ్ము అడిగిన ప్రశ్నలు ఇవి: కరెంటు బిల్లు ఎంత పెరిగినది? వానలో తీగ తగిలించిన షాకు కొట్టదా? దారిలో బ్యాటరీ అయిపోయిన ఏమగును? ఆడువారు నడుపగలరా? నిజముగా పొగ రాదా? కారు అమ్మువారి పుస్తకములో వీనిలో కొన్నిటికి జవాబులు గలవు, కొన్నిటికి లేవు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణముల నడుమ తిరిగి మేము గ్రహించిన సంగతులను ఇందు వ్రాయుచున్నాము. ఇది ఏ కంపెనీకిని ప్రకటన కాదు గావున మా బండి పేరు చెప్పుట లేదు.

ఈ బండి యెట్టిది?

దీనిని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అందురు. ఒకే బండిలో పెట్రోలు ఇంజను, విద్యుత్తు మోటారు రెండును ఉండును. మామూలు హైబ్రిడ్ కారులో బ్యాటరీ చిన్నది. బండి నడచుచుండగనే అది నిండును. గోడ ప్లగ్గుతో దానికి పనిలేదు. 1997లో జపానునందు టయోటా కంపెనీ అమ్మకమునకు తెచ్చిన ప్రియస్ అట్టిది. ప్లగ్-ఇన్ బండిలో బ్యాటరీ అంతకంటె చాల పెద్దది. దానిని ఇంటి కరెంటుతో నింపవలెను. ఇట్టి కారును పెద్దయెత్తున చేసి అమ్మినది మొదట చైనా దేశపు బి.వై.డి. కంపెనీ, ఆ సంవత్సరము 2008. మన దేశమునకు వోల్వో ఎక్స్.సి.90 టి8 బండి 2016లో 1 కోటి 25 లక్షల రూపాయల వెలతోను, బి.ఎం.డబ్ల్యు. ఎక్స్.ఎం. బండి 2022 డిసెంబరులో 2 కోట్ల 60 లక్షల వెలతోను వచ్చినవి. వెలలను బట్టియే ఇవి సామాన్యుల బండ్లు కావని తెలియును.

వంటయింటి మాటలలో చెప్పవలెనన్న, కరెంటు పొయ్యియు గ్యాసు పొయ్యియు రెండును గల యిల్లాలి స్థితి వంటిది ఈ బండి స్థితి. దినదినమునకు కావలసిన అన్నము, పప్పు కరెంటుపై ఉడుకును. పండుగనాడు ఇరువదిమందికి పిండివంటలు చేయవలసి వచ్చిన గ్యాసు వెలిగింపక తప్పదు. అట్లే ఊరిలోని చిన్న ప్రయాణములకు బ్యాటరీ చాలును. దూరపు దారికి ఇంజను మేల్కొనును. ఈ మార్పు బండి తనంతట తానే చేసికొనును. బ్యాటరీ అయిపోయినను బండి ఆగిపోదు, పెట్రోలుతో సాగిపోవును. కేవలము విద్యుత్తుతో నడచు కారు గలవారికి నుండు దారిదిగులు దీనిలో లేదు.

మరియొక విశేషము గలదు. మామూలు కారులో బ్రేకు నొక్కినంతనే బండి వేగము వేడిగా మారి గాలిలో కలిసిపోవును. ఇందు మోటారు డైనమోగా మారి ఆ వేగములో కొంత భాగమును మరల బ్యాటరీకి చేర్చును. మజ్జిగ చిలుకగా మిగిలిన వెన్నను గిన్నె అంచునుండి కూడ తీసి దాచుకొను పొదుపరి చేయి వంటిది ఇది.

స్త్రీలకు క్రొత్తది కాదు

విద్యుత్తు కారు నిన్నమొన్నటి వింతయని పలువురు తలతురు. అది నిజము కాదు. కారు చరిత్ర మొదటి పుటలోనే స్త్రీ గలదు. 1888లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్త నిర్మించిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ దాక నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. దారిలో ఇంధనము కావలసిరాగా వీస్‌లోఖ్ అను ఊరి మందుల దుకాణములో కొన్నది. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీ పిన్నుతో దానిని తెరచినది. మోటారు బండితో దూరప్రయాణము సాధ్యమని లోకమునకు చూపినది ఆమెయే.

1900 ప్రాంతమున ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు ఇంజనును, విద్యుత్తు మోటార్లను ఒకే బండిలో కూర్చి చూపెను. అనగా రెండు ఇంధనముల యూహకు నూటిరువదియైదేండ్లు నిండినవి. ఆ దినములలో అమెరికాలో విద్యుత్తు కార్లను ముఖ్యముగా స్త్రీలకు చూపి అమ్మెడివారు. పెట్రోలు కారును కదల్చుటకు ఇనుపకడ్డీతో ముందువైపు బలముగా త్రిప్పవలసి యుండెను; విద్యుత్తు కారునకు ఆ శ్రమ లేదు, పొగ లేదు, వాసన లేదు. పెట్రోలు కార్లను లక్షలకొలది చేసి అమ్మిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా ఫోర్డు తాను మాత్రము 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్తు కారును నడపెడిది. 1912లో కాడిలాక్ కారునకు మీటతో కదలు స్టార్టరు వచ్చినది. ఆ శ్రమ తీరినపిదప పెట్రోలు కారు గెలిచి, విద్యుత్తు కారు మరుగుపడినది. ఇప్పుడు మరల వచ్చుచున్నది.

మా ఊళ్ళ దారులలో

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును పూర్వపు వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. మా నివాసము జనగామ. మహబూబాబాదునకు పాలకుర్తి, తొర్రూరుల మీదుగ పోయిన 80 కిలోమీటర్లు దాటును. భూపాలపల్లికి హనుమకొండ, పరకాలల మీదుగ 120 కిలోమీటర్ల ప్రాంతము. రెండు చోట్లను మాకు బంధువులున్నారు. పెండ్లికో, పేరంటమునకో, రోగిని చూచుటకో పోవుచునే యుందుము.

జనగామలో ఈ బండి సౌఖ్యము చెప్పదగినది. బడి, బజారు, బస్టాండు, రైల్వే స్టేషను, ఇత్తడి పనికి పేరొందిన పెంబర్తి, ఇవన్నియు బ్యాటరీ యెల్లలోనివే. చప్పుడు లేదు, అదురు లేదు. గేరు మార్చు పని లేదు గావున నడుపుట తేలిక. సందులో ఎదురుబండి వచ్చి ఆగి మరల కదలవలసినప్పుడు ఇంజను ఆగిపోవునేమో యను బెదురు లేదు. డ్రైవింగు నేర్చుకొనుచున్న యింటి కోడండ్రకు, కుమార్తెలకు ఇది గొప్ప ధైర్యము. ఎత్తైన యాసనమునుండి రోడ్డు చక్కగా కనబడును. అయితే బండి బరువు రెండు టన్నులకు పైమాట. పొడవును వెడల్పును ఎక్కువ. కూరగాయల బజారు సందులో దీనిని త్రిప్పుట ఏనుగును పెరటిలో త్రిప్పినట్లుండును.

చప్పుడు లేకపోవుట సౌఖ్యమే గాక అపాయము కూడ. మానుకోట దారిలో పంటకాలమున రోడ్డు ప్రక్కనే వడ్లు, మక్కలు ఆరబోయుదురు. వానిని కాళ్ళతో కలియదున్నుచు స్త్రీలు వంగి పనిచేయుచుందురు. మేకలు, బఱ్ఱెలు, ఆడుకొను పిల్లలు అచ్చటనే. లారీ వచ్చుచున్న దూరమునుండియే చెవి చెప్పును. ఈ బండి దగ్గరకు వచ్చుదాక తెలియదు. మెల్లగా పోవునప్పుడు బండి సన్నని రాగము తీయును గాని గాలిలో, మాటలలో అది వినబడదు. కావున మేమొక నియమము పెట్టుకొంటిమి: మనుష్యులు కనబడినంతనే వేగము తగ్గించి, దూరమునుండియే ఒక్కసారి చిన్నగా హారను వేయుదుము. మీద పడినట్లు గట్టిగా మ్రోగింపము.

ఎత్తైన బండి వాగులు దాటింపగలదను నమ్మకము మఱింత ప్రమాదకరము. 2024 సెప్టెంబరు మొదటి దినమున మహబూబాబాదు జిల్లాలో కురిసిన కుంభవృష్టికి కేసముద్రము వద్ద రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. ఆ దినముననే ఆకేరు వాగులో కారుతో కూడ తండ్రియు కుమార్తెయు కొట్టుకొనిపోయి మరణించిరి. ఎంత బరువైన కారైనను, పొంగు నీరు క్రిందినుండి తేల్చి త్రోయును. వాగు పొంగినప్పుడు ఈవలనే ఆగుట తప్ప ఏ బండికిని వేరు విద్య లేదు. ఇంటిలోని మగవారు తొందరపడినను, ప్రక్కన కూర్చున్న స్త్రీ ఈ యొక్క మాట గట్టిగా చెప్పవలెను.

భూపాలపల్లి దారి వేరు. హనుమకొండ దాక జాతీయ రహదారి సాఫీగా పోవును. అచ్చటికి బ్యాటరీ సరిగా అయిపోవును. పరకాల దాటినపిమ్మట బొగ్గు లారీలు వరుసలు కట్టును. లారీని దాటవలసినప్పుడు ఇంజనును మోటారును ఒకేసారి బలమిచ్చును. ఆ సమయమున బండి సత్తువ తెలియును. కాని బ్యాటరీ ఖాళీయైన తరువాత అంత బరువునంతయు ఇంజనొక్కటియే మోయవలెను. అప్పుడు లీటరు పెట్రోలునకు 10 కిలోమీటర్లు వచ్చుటయే గగనము.

ప్లగ్గు పెట్టు చేయి

ఖర్చుమాట. మా బండి బ్యాటరీ నిండుటకు మీటరు మీద సుమారు 18 యూనిట్లు తిరుగును. దానితో 50 కిలోమీటర్లు నడచును. మే నెల యెండలో చల్లగాలి యంత్రము వేసికొనిన మరికొంత తగ్గును. యూనిటు పది రూపాయలని లెక్కించినను 180 రూపాయలైనవి. అదే 50 కిలోమీటర్లు పెట్రోలుతో పోయిన 5 లీటర్లు, అనగా 500 రూపాయలకు పైగా. దినమునకు 300 రూపాయలకు తక్కువ గాకుండ మిగులును. ఏడాదికి 300 దినములు తిరిగినను మిగులునది సుమారు లక్ష రూపాయలు. కోటి రూపాయల బండికి ఇది యెంత? పొదుపు కొరకు ఈ కారు కొంటిమని ఎవరైన చెప్పిన నమ్మవలదు. సౌఖ్యము కొరకు కొందురు. పొదుపు వెంట వచ్చిన మంచిదే.

ఆ కొద్ది పొదుపైనను ఊరక రాదు. ప్రతిరాత్రియు ఎవరో ఒకరు తీగ తెచ్చి తగిలింపవలెను. ఐరోపా సంఘమువారు 2024లో తమ దేశములలోని కార్లు రోడ్లపై నిజముగా త్రాగిన ఇంధనపు లెక్కలను ప్రకటించిరి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండ్లు పరీక్షాశాలలో చెప్పినదానికి సగటున మూడున్నర రెట్లు పొగవాయువును విడుచుచున్నవని తేలినది. యంత్రము చెడినందున కాదు. అనుకొన్నంత తరచుగా జనులు ప్లగ్గు పెట్టకపోవుటవలన. ప్లగ్గు పెట్టని యింట ఈ బండి ఖాళీ బ్యాటరీ బరువును మోయు పెట్రోలు కారు మాత్రమే. పాలు తోడు వేయుట, తలుపు గడియ వేయుట, పొయ్యి ఆర్పుట వంటి రాత్రి పనుల వరుసలో ప్లగ్గు పెట్టుట కూడ చేరిన యింటనే ఇది రెండు ఇంధనముల బండి యగును.

పొగ ఎచ్చటికి పోవును?

భూపాలపల్లికి పోయిన ఒకానొక దినమున మా వారి చెల్లెలు బండి చుట్టు తిరిగి చూచి యిట్లనెను: "మీ బండికి పొగ లేదంటున్నరు గని వదినా, ఆ పొగ మా చెల్పూరు గొట్టంలకెల్లి వస్తలేదా?" ఆమె పెనిమిటి బొగ్గుగని పనివాడు. ఆరవేసిన బట్టలపై దుమ్ము దులుపుట ఆమెకు నిత్యకృత్యము. ఆ ప్రశ్నకు నవ్వి యూరకుండుట న్యాయము కాదు గావున, లెక్క వేసి చూచితిమి.

చెల్పూరులోని కాకతీయ విద్యుత్కేంద్రములో 500 మెగావాట్ల యంత్రము 2010లోను, 600 మెగావాట్ల యంత్రము 2016లోను పనికి వచ్చినవి. సింగరేణి బొగ్గే వాని ఆహారము. ఆ కరెంటు, నీటి కరెంటు, ఎండ కరెంటు అన్నియు ఒకే తీగలలో కలిసి మన యిండ్లకు చేరును. దేశములో పుట్టు విద్యుత్తులో మూడింట రెండువంతులకు పైగా బొగ్గుదే. అన్నిటిని కలిపి చూచిన, ఒక్క యూనిటునకు సుమారు 700 గ్రాములకు మించి బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. మా 18 యూనిట్లకు దాదాపు 13 కిలోలు. పెట్రోలు లీటరు కాలిన 2.3 కిలోలు వెలువడును. 5 లీటర్లకు పదకొండున్నర కిలోలు. పెట్రోలును శుద్ధిచేసి తెచ్చుటలో నగు పొగను కూడ కలిపిన రెండును సమానమగును. అనగా మా యాడుబిడ్డ మాటలో సత్యము గలదు. జనగామ వీధిలో పిల్లల ముక్కులకు పొగ సోకుట లేదు. ఆ మేలు నిజమే. కాని భూమికి చేరు వాయువు ఇంతటి బరువుబండి విషయములో ఏమంత తగ్గుట లేదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఇంటి కప్పుపై సూర్యఫలకములు పెట్టినచో ఒక్కొక్క కిలోవాటునకు దినమునకు సుమారు 4 యూనిట్లు పుట్టును. 5 కిలోవాట్లున్న మా బండి యాకలి తీరును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్లకు, అంతకు పైవానికి, కేంద్ర ప్రభుత్వము 78,000 రూపాయల సహాయము నిర్ణయించినది. అయితే ఎండ పగలుండును, బండిని మనము రాత్రి నింపుదుము. కావున మధ్యాహ్నము బండి యింటనున్న దినములలో ప్లగ్గు పెట్టుట మేలు. ఆ వేళ ఇంటనుండునది తరచుగా స్త్రీయే. ఏ కరెంటు బండిలోనికి పోవలెనో నిర్ణయించునదియు ఆమెయే.

ఇంటిలో చేసికొనవలసిన యేర్పాట్లు

బండి కొనుటకు ముందే ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు పరీక్ష చేయింపవలెను. పాత యిండ్లలో ఎర్తు తీగ పేరునకే యుండును. బండి కొరకు 15 ఆంపియర్ల సాకెట్టును, దానికి వేరే తీగను, వేరే ఎం.సి.బి.ని పెట్టింపవలెను. ఆరు గంటలపాటు ఆగక కరెంటు లాగును గావున ఇస్త్రీపెట్టె కొరకు వాడు పొడిగింపు బోర్డులు వేడెక్కి కాలును. వానలో నింపవచ్చునా యందురు. బండివైపు కొన బిగిసి కూర్చున్న పిదపనే కరెంటు ప్రవహించును. నీరు చొరకుండ దానికి కట్టుదిట్టము గలదు. గోడవైపు సాకెట్టు మాత్రము వాన తగులని చోట నుండవలెను. యూనిట్లు పెరిగిన కొలది యూనిటు ధర కూడ పెరుగును గావున మొదటి నెలలో మీటరును వారము వారము చూచుకొనుట మంచిది.

మా బండిలో అదనపు చక్రము లేదు. ఆ చోటును బ్యాటరీ తీసికొన్నది. పంక్చరు పూడ్చు మందును, గాలి కొట్టు చిన్న పంపును ఇచ్చిరి. వానిని వాడుట పట్టపగలు, ఇంటిముందు, ఒకసారి చేసి నేర్చుకొనవలెను. రాత్రివేళ భూపాలపల్లి దారిలో నేర్చుకొనదగిన విద్య కాదది. మరమ్మతు కేంద్రము హైదరాబాదులో గలదు. పెద్ద పని పడిన రాకపోకలకే ఒక దినము పోవును. మా మూడు ఊళ్ళలో నెచ్చట నున్నను ఇదే గతి.

పన్నుల సంగతి కూడ తెలిసికొనదగినది. 2025 సెప్టెంబరు 22 నుండి కేవలము విద్యుత్తుతో నడచు కార్లపై జి.ఎస్.టి. 5 శాతము కాగా, ఇట్టి పెద్ద హైబ్రిడ్ కార్లపై 40 శాతము. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్తు వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించినది.

ఎవరికి తగును?

దినమునకు 40, 50 కిలోమీటర్లు తిరుగుచు, అప్పుడప్పుడు దూరదేశము పోవలసిన పెద్ద కుటుంబమునకు, ఇంటిలో సొంత చోటును మంచి ఎర్తింగును గలవారికి, ప్లగ్గు పెట్టు నియమమును తప్పనివారికి ఇది తగిన బండి. వారమునకు నాలుగు దినములు హైదరాబాదు రహదారిపైననే గడపువారికి దీనివలన లాభము లేదు. అద్దె మేడలలో నుండువారికి ప్లగ్గే ప్రాప్తింపదు.

చివరకొక లెక్క చెప్పి ముగింతుము. మా కారు 18 యూనిట్లతో 50 కిలోమీటర్లు పోవును. మా వీధిలోని ఉపాధ్యాయిని యొకతె విద్యుత్తు స్కూటరుపై బడికి పోవుచున్నది. ఆమెకు 3 యూనిట్లతో 80 కిలోమీటర్లకు తక్కువ గాకుండ వచ్చును. అనగా మా బండి ఒక్కపూట త్రాగు కరెంటుతో ఆమె నెలరోజులు బడికి పోయి రావచ్చును. కోటి రూపాయలు లేని సోదరీమణులు ఈ కారును చూచి నిట్టూర్పు విడువవలసిన పనిలేదు. కరెంటు బండివలన నిజమైన పొదుపును, భూపాలపల్లి గాలికి నిజమైన ఉపకారమును ఆ చిన్న స్కూటరు మీదనే యున్నవి.